టేబుల్ ఫ్యానుకిచ్చిన రాజ్యం

పాత వీడియో గేములు కారుచౌకగా ఇచ్చేసి ఇప్పుడు కుమిలిపోతున్నవారి సంఘం అధ్యక్షులవారికి ఇటీవల జరిగిన ఘోరాన్ని, కార్యదర్శి హోదాలో, ప్రజలకు తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఆయన పోగొట్టుకున్న ఆట దొరికింది.

మా సంఘం గురించి తెలియనివారుండరు. అయినా చెప్తాను, చెప్పడం నాకిష్టం. మా చిన్నప్పుడు మనమే వీరుడి వేషం కట్టి, ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతివాణ్ణీ పలకరించి, కత్తులూ మందులూ కొనుక్కుని, ఆఖరికి రాక్షసుణ్ణి చంపే ఆటలుండేవి. పెద్దయ్యాక బుద్ధొచ్చిందనుకుని ఆ క్యాసెట్లని ఇస్త్రీపెట్టెలకీ, స్టీలు బక్కెట్లకీ మార్చేశాం. ఇప్పుడు ఒక్కో క్యాసెట్ ఖరీదుకి ఒక్కో ఇల్లొస్తుందట. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. నెలకోసారి బట్టల కొట్టు మేడమీద చేరి, ఒకరి తర్వాత ఒకరం లేచి, ఏమిచ్చామో, బదులుగా ఏం తెచ్చుకున్నామో చెప్పుకుంటాం. ఒక్కొక్కరు కూర్చోగానే మిగతావాళ్ళం ముక్తకంఠంతో "అయ్యో" అంటాం. ఎక్కువ పోగొట్టుకున్నవాడు ముందు వరసలో కూర్చుంటాడు. నేను స్టీలు బక్కెట్టు బాపతు, నాలుగో వరస.

అధ్యక్షులవారిది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన తన ఆటని పాత సామాన్ల కొట్లో ఇచ్చి టేబుల్ ఫ్యాను తెచ్చుకున్నారు. ఆ ఆట డబ్బా చేతులు మారి మారి ఇప్పుడొక నగల వ్యాపారి ఇనప్పెట్టెలో ఉంది. కొన్నవాళ్ళలో ఒక్కరూ మూత తీయలేదు. తీస్తే రేటు పడిపోతుంది. ఫ్యాను మాత్రం ప్రతి సమావేశానికీ వస్తుంది. సభ్యులు దాన్ని అసహ్యంగా చూస్తూ దాని ఎదురుగానే కుర్చీలు లాక్కుంటారు. గాలి బాగా వస్తుంది, కానీ ఆ మాట పైకనకూడదు.

ఆ దుఃఖం ఆయన్ని మనిషిని చేసింది. ఇంట్లో పంపు కారుతుంటే బాగుచేయించమని ఎవరూ అడగరు. బావమరదులు ఆయన ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. భార్య ఏదైనా చెప్పబోతే కిటికీలోంచి బయటికి చూస్తూ నిట్టూరుస్తారు, ఆవిడ చెప్పేదేదో మింగేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇంతటి పెద్దరికం ఊరికే రాదు.

అటువంటి మహానుభావుడి కొంపలో ఆ ఇల్లాలు అటక దులిపింది. పాత ఆటల యంత్రం దొరికింది. అందులో క్యాసెట్ ఉంది. ఆనాడు హడావిడిలో ఆయన టైపు నేర్పే క్యాసెట్‌ని డబ్బాలో పెట్టి ఇచ్చేశారు, అసలుది యంత్రంలోనే ఉండిపోయింది. నగల వ్యాపారికి ఈ సంగతి తెలియదు. ఆయన మూత తీయని పెద్దమనిషి గనుక ఇక తెలియదు కూడా.

బుద్ధున్నవాళ్ళయితే దాన్ని గుడ్డలో చుట్టి దాచేవారు. ఆవిడ ఆడింది. ఆయన దుకాణానికి వెళ్ళగానే పని ముగించుకుని రోజూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం తలనొప్పని ఆయన ముందే ఇంటికొచ్చేసరికి తెర మీద వీరుడు నడుస్తున్నాడు.

"ఏమిటిది?" అన్నారు ఆయన.

"మీ ఆటేనండీ. ఒక్క రాజ్యం తప్ప అన్నీ దాటేశాను," అందావిడ. "ఇందులో ఎవర్ని పలకరించినా బదులు చెప్తారండీ. సత్రం ముసలాయనైతే వెళ్ళినప్పుడల్లా 'అలసిపోయినట్టున్నావు, కాసేపు పడుకుంటావా' అంటాడు. నన్నా మాట అడిగిన మొదటి మనిషి ఆయనే."

అధ్యక్షులవారు అంతా విన్నారు. తన కుర్చీ పోతుందని ఆయనకి అర్థమైంది.

సంగతి బయటపడగానే అత్యవసర సమావేశం పెట్టాం. ముందు వరసలో రెండో కుర్చీ పళ్ళ డాక్టరుది. ఎన్నో ఏళ్ళుగా ఆయన చూపు మొదటి కుర్చీ మీదే ఉంది. "దొరికినవారికి సంఘంలో స్థానం లేదు. నియమం నియమమే. అధ్యక్షులవారి అదృష్టానికి నా ప్రగాఢ సానుభూతి," అని కళ్ళు తుడుచుకున్నాడు.

అధ్యక్షులవారు లేచారు. "సోదరులారా! నా దుఃఖం నా ఒక్కడిది కాదు, ఈ సంఘానికి పునాది. దాన్ని అటక మీంచి దించే అధికారం నా భార్యకెవరిచ్చారు? సంఘం కోసం ఈ సాయంత్రమే దాన్ని మళ్ళీ పోగొట్టుకుంటాను." చప్పట్లతో మేడ దద్దరిల్లింది. పళ్ళ డాక్టరు కూడా కొట్టాడు, కొట్టక చస్తాడా.

ఇంటికెళ్ళి క్యాసెట్ లాగేశారు. "ఆ ఒక్క రాజ్యం అయ్యేదాకా ఆగండి, రేపు నేనే తీసిస్తాను," అని బతిమాలిందట ఆవిడ. "దాని విలువ నీకేం తెలుసు?" అని ఆయన చెప్పులేసుకున్నారు. డబ్బా లేని ఉత్త క్యాసెట్‌కి పాత సామాన్ల కొట్టువాడు గోడ గడియారం ఇచ్చాడు. మరుసటి నెలకల్లా ఉత్త క్యాసెట్ల రేటూ ఆకాశానికెక్కింది. ఒకే ఆటని రెండుసార్లు పోగొట్టుకున్న ఘనత చరిత్రలో ఇంకెవరికీ లేదు. ఆయనకిప్పుడు రెండు కుర్చీలు కలిపి వేస్తున్నాం.

న్యాయంగా చూస్తే ఆవిడా పోగొట్టుకున్నదే గదా. మేం అన్యాయం చేసేవాళ్ళం కాదు. మహిళా విభాగం పెట్టి, మొదటి సభ్యత్వం ఆవిడకిద్దామని కార్యవర్గమంతా కలిసి వెళ్ళాం. ఆచారం ప్రకారం ఆమె బాధేమిటో చెప్పమన్నాం. ఆవిడ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది.

"ఆట పోయిందని కాదండీ నా బాధ. ఆ కొట్లో పాతవేవైనా తీసుకుంటారట. ఇంట్లో అంతకంటే పాతది, పలకరిస్తే పలకనిది ఒకటుండగా, దాన్ని ఉంచుకుని ఆటని పోనిచ్చాను చూడండి. అందుకు."

అలవాటు కొద్దీ అందరం "అయ్యో" అన్నాం. అధ్యక్షులవారు కూడా అన్నారు.

పశ్చాత్తాపం స్వచ్ఛమైనదే గనుక సభ్యత్వం అక్కడికక్కడే మంజూరు చేశాం. అదే తప్పయింది. ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. మహిళా విభాగానికి వస్తున్న దరఖాస్తులకి మేడ చాలక, కింద బట్టల కొట్టు కూడా అద్దెకడుగుతున్నాం. ఏ దరఖాస్తులోనూ ఆటల ప్రస్తావన లేదు. మా ఇంటి నుంచి ఒకటొచ్చింది, బక్కెట్టు ఊసు కూడా లేదు. పాఠక మహాశయులు తమ ఇంటి నుంచి వచ్చిందా లేదా అని కార్యాలయానికి రావద్దని మనవి. ఇంట్లోనే అడిగి తెలుసుకోవచ్చు, మాట్లాడే అలవాటుంటే.