కిటికీ వైపు ఎక్కితే ప్లస్

ట్యూషన్ హాళ్లే లేకపోతే మన పిల్లలు పాఠాలు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది! వాటిని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

మా షుబ్రా పేటనే తీసుకోండి. ఏ గోడ చూసినా బహ్గత్ మాస్టారి పోస్టరే. నల్ల కళ్లద్దాలు, చేతులు కట్టుకున్న ఫోజు, కింద 'సరళరేఖల సుల్తాన్' అన్న బిరుదు! సాయంత్రమైతే పెళ్లిళ్ల హాలు అద్దెకు తీసుకుని మైకులో పాఠం.

సమీకరణం ఇచ్చి, నాలుగు గ్రాఫుల్లో దాని గీత ఏదో గుర్తుపట్టమంటారు కదా? గీత వాలు ఎటో, అది నిలువు అక్షాన్ని ఎక్కడ కోస్తుందో ఆలోచించాలట! ఎవరికుంది తీరిక? మాస్టారు తేల్చేశారు. హాల్లో కుడివైపు కిటికీ, ఎడమవైపు తలుపు, ఎదుటి గోడకు సరిగ్గా మధ్యలో స్విచ్‌బోర్డు ఉన్నాయిగా!

"గీత కిటికీ వైపు ఎక్కిందా? ఎక్స్ ముందు ప్లస్! తలుపు వైపు ఎక్కిందా? మైనస్! నిలువు గీతను స్విచ్‌బోర్డుకు పైన కోస్తే చివరి అంకె ప్లస్, కింద కోస్తే మైనస్! ఏదీ, అనండి!"

హాలు దద్దరిల్లింది. గొంతు కలపనివాళ్లు లేరు. ఎందుకని అడిగినవాళ్లూ లేరు!

ఆ గొంతుల్లో మా పై అంతస్తు నెర్మీన్‌దీ ఒకటి. లెక్కలు గట్టెక్కితేనే ఆ పిల్లకు జనరల్ సెకండరీలో సీటు, ఆపైన ఫార్మసీ. లేదంటే కుట్టుపని స్కూలే గతని తల్లి ముందుగానే మిషను తుడిచి పెట్టింది.

పరీక్ష గదిలో అడుగు పెట్టగానే నెర్మీన్ కిటికీ కోసం వెతికింది. కిటికీ ఎడమ వైపుంది! స్విచ్‌బోర్డు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి!

తెలివైన పిల్ల. కుర్చీ వెనక్కి తిప్పేసింది. కిటికీ కుడివైపుకు వచ్చేసింది.

"ఏం తల్లీ, వెనకమ్మాయి చేతిరాత బాగుందా?" అన్నాడు కాపలా ఉన్న సారు.

"కాదు సార్, కిటికీ కోసం!"

"గాలి కావాలా? బయట బోలెడుంది. పద!"

పేపరు పోయింది. ఇక మిగిలింది రెండోసారి పరీక్షే. తల్లి ఊగిపోతూ మాస్టారి మీదికి వెళ్లింది.

"నా పిల్లను నిలువునా ముంచారు కదయ్యా!"

"నేనా? గది తప్పమ్మా అది! రేపట్నుంచి ఎడమ కిటికీ గదులకు స్పెషల్ బ్యాచ్. మీ అమ్మాయికి ముందు వరస, సరేనా?"

ఆవిడ చల్లబడి పేరు రాయించి వచ్చింది. చూశారా, ఎంత ముందుచూపో!

అయినా గిట్టనివాళ్లు ఊరుకుంటారా? నెర్మీన్ చదివే ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారూ ఈయనేనట. ఏడాదంతా పొద్దున టీ గ్లాసుతో కూర్చున్నారట. "సార్, అసలు వాలంటే ఏమిటి?" అని ఆ పిల్ల అడిగితే "సాయంత్రం హాలుకు రా తల్లీ" అన్నారట.

పాపం, బడిలో ఆయన మాత్రం ఎలా చెబుతారండీ? ఆ గదికి రెండు వైపులా కిటికీలే!