రెండు కోట్ల బొమ్మ

సౌదీ అరేబియాలోని తెలుగువారిలో తొలి వృత్తి చిత్రకారుణ్ణి తయారుచేసిన ఘనత మా ఎడారి తెలుగు కళాభ్యుదయ సమాఖ్యకే దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సమాఖ్య సాంస్కృతిక కార్యదర్శిగా ఈ మహత్కార్యంలో మొదటి నుంచి చివరిదాకా నా చెయ్యి ఉంది. చిత్రకారుడి చెయ్యి కూడా కొంత ఉంది. ఎవరి వాటా వారికివ్వడం న్యాయం కాబట్టి ఆయన గురించి కూడా నాలుగు మాటలు చెబుతాను.

ఆయన పేరు మస్తాన్ వలీ. ఊరు ప్రొద్దుటూరు. అక్కడ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. బట్టల కొట్టు బోర్డు మీద ఆయన వేసిన చీర కొంగును చెయ్యిపెట్టి తడిమి చూసిన ఆడవాళ్లున్నారట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఒక ఏజెంటు "పెయింటర్ వీసా ఉంది, పోతావా?" అని అడిగితే, తన విద్యకు సముద్రం అవతల కూడా గిరాకీ ఉందని మురిసిపోయి విమానం ఎక్కాడు. రియాద్‌లో దిగాక చేతికి రోలరు ఇచ్చారు. ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు మీద, వృత్తి అనేచోట అరబ్బీలో "దహ్హాన్" అని ఉంది. అంటే గోడలకు రంగు వేసేవాడు. బొమ్మలు వేసేవాణ్ణి అరబ్బీలో "రస్సామ్" అంటారు. మనం మాత్రం పెయింటర్ అనే ఒక్క మాటతో ఇద్దరినీ పిలిచేస్తాం. కాబట్టి ఏజెంటు అబద్ధమాడలేదని సమాఖ్య ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

తొమ్మిదేళ్లు మస్తాన్ వలీ విల్లాల గోడలకు రంగులు వేశాడు. సెలవు రోజుల్లో రియాద్‌లోని బతా పేటలో ఉన్న తన గదిలో, పనిచోట మిగిలిన ప్లైవుడ్ ముక్కల మీద బొమ్మలు వేశాడు. ఎవరూ అడగకుండా, ఎవరూ కొనకుండా ఒక మనిషి ఇన్ని బొమ్మలు ఎందుకు వేస్తాడో మాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

కథ అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ హాయిల్ అనే ఊళ్లో బొమ్మలు అమ్మే ఒక దుకాణదారుడు ఫోనులో ఆయన బొమ్మలు చూసి, తన దగ్గర రస్సామ్‌గా చేరమన్నాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కూడా మంచివాడే, వదిలిపెడతానన్నాడు. హాయిల్ ఆయన అడిగింది ఒక్కటే: ఇదివరకు ఎవరైనా ఇతని బొమ్మ కొన్నట్టు అరబ్బీలో ముద్ర వేసిన ఒక బిల్లు. మస్తాన్ వలీ ఇకామా నెలాఖరుకు ముగుస్తుంది. ఆలోగా బిల్లు వస్తే రస్సామ్. లేకపోతే మళ్లీ దహ్హాన్. అందుకని ఆయన మా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క బొమ్మ అమ్ముడుబోతే సాలు సార్. మీలో పెద్దపెద్దోళ్లు ఉండారు గదా," అన్నాడు.

ఒక్క బొమ్మ కొనడం లాంటి చిన్న సాయంతో సరిపెట్టే సంస్థ కాదు మాది. వెంటనే "వృత్తి చిత్రకారుడిగా తొలి అడుగు" అనే శిక్షణా సదస్సు ప్రకటించాం. ఐటీ కంపెనీలో మేనేజరుగా ఉన్న హేమసుందర్ గారు ప్రధాన వక్త. ఆయన జీవితంలో కుంచె పట్టలేదు. అందువల్ల ఆయన అభిప్రాయాలు నిష్పాక్షికంగా ఉంటాయి. అరవై నాలుగు స్లైడ్లు తయారుచేశారు. అవి పడడానికి తెల్ల గోడ లేదని తెలిసి, ముందురోజు మస్తాన్ వలీ చేతనే ఒక గోడకు తెల్ల రంగు వేయించాం. ఆయన శిక్షణ అక్కడ మొదలైంది.

"బొమ్మ అనేది ట్వంటీ పర్సెంటే వలీ గారూ. మిగతా ఎయిటీ పర్సెంట్ పర్సనాలిటీ," అని హేమసుందర్ గారు సెలవిచ్చారు. మస్తాన్ వలీ జుట్టు పెంచాలన్నారు. నవ్వు తగ్గించాలన్నారు. బొమ్మకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పకుండా దూరంగా చూడాలన్నారు. సంతకం ఎవరికీ అర్థం కాకూడదన్నారు. దారినపోయే ప్రతివాడికీ అర్థమయ్యేలా బోర్డులు రాయడం అలవాటైన మనిషి, చదవడానికి వీల్లేని సంతకం నేర్చుకోవడానికి రెండు వారాలు కష్టపడ్డాడు. నెలలో సగం అలా సద్వినియోగమైంది.

తర్వాత ప్రదర్శన. ఊరి బయట ఇస్తిరాహా, అంటే పూటకు అద్దెకిచ్చే విడిది, తీసుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం రెండు వందల మంది పైగా వచ్చారు. బిర్యానీ ఉందని కరపత్రంలో బొమ్మల కన్నా పెద్ద అక్షరాలతో వేయించిన ఆలోచన నాదే. మస్తాన్ వలీ పన్నెండు బొమ్మలు వరసగా నిలబెట్టి, ఒక్కోదాని కింద ధర చీటీ అంటించాడు. సమాఖ్య అధ్యక్షులు హరనాథ్ గారు ఆ చీటీలు చూసి నొచ్చుకున్నారు. ఆయన ఒక నిర్మాణ సంస్థలో కొలతలు, బిల్లులు చూసే సీనియర్ ఇంజనీరు.

"కళ అమూల్యం!" అని మైకులో గర్జించారు. "అమూల్యమైన దానికి మూల్యం కట్టే దుస్సాహసం ఈ సమాఖ్య చేయదు, చేయబోదు!" చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే వాలంటీర్లు ధర చీటీలన్నీ పీకేశారు.

ఇక ఎవరికీ ధర అడగాల్సిన అవసరం లేకపోయింది. జనం స్వేచ్ఛగా మెచ్చుకున్నారు. అచ్చం ప్రింటు లాగే ఉందని కొందరు, మూడో తరగతి చదివే తమ పాప హాసిని కూడా ఇలాగే వేస్తుందని కొందరు అన్నారు. ఒక బొమ్మలోని గుర్రం పక్కన తమ కుటుంబాన్ని వేసివ్వగలవా, ఎలాగూ బొమ్మ వేసేశావు కదా, మనుషులే కదా కలపాల్సింది అని మరికొందరు అడిగారు. నేను మాత్రం అలా అడగలేదు. నా కుటుంబ చిత్రం అంతకుముందే గౌరవ కానుకగా తీసుకున్నాను.

సాయంత్రానికి పన్నెండు బొమ్మలూ పన్నెండుగానే ఉన్నాయి. మస్తాన్ వలీ హరనాథ్ గారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, బొమ్మ ఊరికే తీస్కోండి. కొన్నెట్టు ఒక బిల్లు రాసిస్తే సాలు. నెలాఖరు లోపల సూపీకపోతే ఇంగ నాకు రోలరే సార్."

హరనాథ్ గారి ముఖం ఎర్రబడింది. "దొంగ బిల్లు రాయమంటావా? ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క దొంగ బిల్లు మీద సంతకం పెట్టలేదయ్యా నేను. కొంటాను. పద్ధతిగా మెజర్‌మెంట్ తీసుకుని కొంటాను. టేపు తెండి!"

ఆయన ఎంచుకున్నది ప్రొద్దుటూరులోని మస్తాన్ వలీ ఇంటి బొమ్మ. సున్నం గోడ, రెండు కిటికీలు, తెరిచిన తలుపు. తలుపులో ఆయన భార్య రోషన్ బీ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూస్తూ నిలబడి ఉంటుంది. హరనాథ్ గారు పొడవు, వెడల్పు కొలిచారు.

"రంగు ఎన్ని కోట్లు వేశావ్?"

"ఆకాశానికి మూడు సార్, గోడకు రెండు."

"రెండు కోట్లకే రేటు. మూడోది నీ ఇష్టంతో వేసుకున్నావ్." మా సమాఖ్యలో కళ గురించి కోట్లలో మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆ మాటకు ఒళ్లు పులకరించింది.

తర్వాత హరనాథ్ గారు కిటికీలనూ తలుపునూ కొలిచి మొత్తం విస్తీర్ణంలోంచి తీసేశారు. ఆయన భార్య కాత్యాయని గారు అడ్డుపడ్డారు.

"అదేంటండీ, ఆ కిటికీలూ ఆయన వేసినవేగా! అక్కడేం కన్నాలు లేవుగా!"

"ఓపెనింగ్స్ మినహాయించాలి కాత్యాయనీ. గోడ పనిలో అదే పద్ధతి."

మస్తాన్ వలీ బొమ్మలోని తలుపు దగ్గర వేలు పెట్టి చూపించాడు. "సార్, ఆ తలుపుకాడ మా ఇంటామె ఉండాది."

"ఉండనీ వలీ. ఆమెను చెరిపెయ్యమనడం లేదుగా. తలుపు ఏరియాలో వస్తుంది, అంతే."

ఆ విధంగా రోషన్ బీ తలుపుతోపాటు మినహాయింపులో పోయింది. ఆ క్షణంలో నాకు నిజంగానే సిగ్గేసింది. మస్తాన్ వలీ ముఖం చూడలేకపోయాను. కానీ ఆ లెక్కలతోనే ఇంగ్లీషులో బిల్లు రాసి, సాక్షి సంతకం చేయమని హరనాథ్ గారు పెన్ను అందించారు. పెద్దమనిషి మాట తీసేయలేక చేశాను.

మర్నాడు మస్తాన్ వలీ ఆ బిల్లు పట్టుకుని బతాలో పత్రాలు అరబ్బీలోకి మార్చి ముద్ర వేసే తబ్రేజ్ దగ్గరికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. ఇంగ్లీషు బిల్లులో "పెయింటింగ్, రెండు కోట్లు, మెటీరియల్‌తో సహా, తలుపు ఒకటి, కిటికీలు రెండు మినహా" అని ఉంది. తబ్రేజ్ తడుముకోకుండా "దిహాన్" అని కొట్టాడు. అంటే గోడ రంగు పని.

"అది బొమ్మన్నా. లౌహా అని రాయి, నీకు పున్నెముంటాది," అని మస్తాన్ వలీ బతిమాలాడు.

తబ్రేజ్ హైదరాబాదువాడు, మనసున్నవాడు. బిల్లు మళ్లీ చదివి తల ఊపాడు. "అన్నా, రెండు కోట్లు, చదరపు మీటర్లు, తలుపు కట్, కిటికీలు కట్ అని ఉంది. గిది బొమ్మ అని రాస్తె రేపు నా ముద్ర పోతది. వేరే బిల్లు తెచ్చుకో, జెల్దిన కొట్టిస్త."

వేరే బిల్లు కోసం హరనాథ్ గారిని అడిగాం. సంతకమైన బిల్లును మార్చడం నీతి కాదని, అంతగా కావాలంటే కార్యవర్గంలో పెట్టమని అన్నారు. కార్యవర్గాన్ని మూడుసార్లు పిలిచాను. క్రికెట్ పోటీల వల్ల మూడుసార్లూ సభ్యులు చాలలేదు. నెలాఖరు వచ్చింది. మస్తాన్ వలీ ఉన్న బిల్లునే హాయిల్‌కు పంపాడు. దుకాణదారుడు ఎంతో మర్యాదగా, తన దగ్గర గోడలకు రంగు వేసేవాళ్లు ఇప్పటికే ఇద్దరున్నారని జవాబిచ్చాడు. ఇకామాను దహ్హాన్‌గానే మరో ఏడాదికి పొడిగించారు. అంతకుముందు ఆయన రస్సామ్ అని రుజువు లేదంతే. ఇప్పుడు కాదని ముద్రపడిన రుజువుంది.

ఇంటి బొమ్మ హరనాథ్ గారి హాల్లో, ఏసీ నీళ్లు కారి గోడ చెమర్చిన చోట మరక కనపడకుండా వేలాడుతోంది. సమాఖ్య వార్షిక నివేదికలో "తొలి తెలుగు వృత్తి చిత్రకారుడు, తొలి విక్రయం" అని రంగుల ఫొటోతో వేశాం. ఫొటోలో హరనాథ్ గారు, హేమసుందర్ గారు, నేను ఉన్నాం. ఒక ప్రతి ఇవ్వడానికి మస్తాన్ వలీ గదికి వెళితే, ప్లైవుడ్ ముక్కలన్నీ కట్టగట్టి బయట పెట్టి ఉన్నాయి. ఎందుకని అడిగాను. "ఇంగ యాల సార్," అన్నాడు. టీ మాత్రం ఇచ్చాడు.

ఇంతదాకా చదివి, పాపం మంచి కళాకారుడు అని మీరు నిట్టూర్చే ఉంటారు. మీరు చివరిసారి ఎవరి బొమ్మ కొన్నారో అడిగి ఇబ్బంది పెట్టను. మీ ఇంట్లో రంగు వెయ్యాల్సిన గోడలుంటే మాత్రం కబురు చేయండి. ఈమధ్య సెలవు రోజుల్లో కూడా ఆయన ఖాళీగానే ఉంటున్నాడు.