మిసావో గారి ఎడమ పాదం

మనుషులు ఎంత నాగరికులయ్యారో తెలుసుకోవడానికి ఎత్తైన మేడలు లెక్కపెట్టనక్కర్లేదు. ఒక వస్తువు చెడిపోయిన చోటికీ, అది చెడిపోయిందని ఒప్పుకునే చోటికీ మధ్య ఎన్ని ఆఫీసు బల్లలున్నాయో చూస్తే చాలు. ఆ లెక్కన మా కమినోసె ఊరు జపాన్‌కే పాఠాలు చెప్పే స్థాయికి ఎప్పుడో చేరుకుంది. మాకు చిన్న ట్రక్కుల ఆరోగ్య కేంద్రం ఉంది. అందులో క్లచ్‌కి ప్రత్యేక విభాగం ఉంది. ఆ విభాగంలో ఆరుగురు ఉద్యోగులున్నారు. ఆరుగురికీ క్లచ్ లేని ఆటోమేటిక్ బండ్లు నడిపే లైసెన్సు మాత్రమే ఉంది.

దీన్ని లోపమని ఎవరూ పొరబడకూడదు. క్లచ్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్లే దాని మీద నిష్పక్షపాతంగా తీర్పు చెప్పగలరని కేంద్రం అధిపతి మొరియ గారు ప్రారంభోత్సవం నాడే సెలవిచ్చారు. (నాదీ ఆటోమేటిక్ లైసెన్సే. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.)

మా పక్క తోట ఒకునో మిసావో గారిది. ఆవిడకి ఎనభై ఒక్క ఏళ్లు. కమలా తోట పల్లంలో ఉంటుంది, రోడ్డు ఎత్తులో ఉంటుంది. కాయ కోశాక పెట్టెలన్నీ ఆవిడ తెల్ల ట్రక్కులోనే ఆ ఎత్తు ఎక్కాలి. ఈ నవంబరులో ఇరవై పెట్టెలతో సగం దూరం ఎక్కేసరికి ఇంజను గొంతు చించుకుంది, బండి మాత్రం నత్తనడక పట్టింది. మాడు వాసన కూడా వచ్చింది. మిసావో గారు పెట్టెలు దింపించి, బండిని చదునుకి తెచ్చి, హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, మెల్లిగా క్లచ్ వదిలారు. క్లచ్ బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది.

"క్లచ్ ప్లేటు అరిగిపోయిందయ్యా" అన్నారావిడ నాతో. మొత్తం అర నిమిషం పట్టింది.

అయితే సొంతంగా చేసుకున్న నిర్ధారణ మా ఊళ్లో చెల్లదు. కేంద్రం కాగితం లేకుండా ఏ మెకానిక్కూ స్పానర్ పట్టుకోడు. పైగా ఆ కాగితంలో ఒక ప్రమాదం ఉంది. చివరి గడిలో 'లోపం ఎక్కడ' అని ఉంటుంది. 'బండి' అని రాస్తే కొత్త ప్లేటు. డెబ్బై అయిదు దాటినవాళ్లకి 'పాదం' అని రాస్తే, లైసెన్సు స్వచ్ఛందంగా వాపసు ఇవ్వడం తప్పనిసరి. బదులుగా ఉచిత బస్సు పాసు ఇస్తారు. ఆ బస్సు మా తోటల వైపు రాదు. లైసెన్సు పోతే మిసావో గారికి తోట పోయినట్టే.

మర్నాడు ఖాళీ బండిని చదును రోడ్డు మీద నెమ్మదిగా నడుపుకుంటూ కేంద్రానికి వెళ్లాం. చెప్పులు విప్పి, వాళ్లిచ్చిన మెత్తటి చెప్పులు తొడుక్కుని, చీటీ తీసుకుని కూర్చున్నాం. మా వంతు నిషివాకి అనే కుర్ర ఉద్యోగి దగ్గర వచ్చింది. మర్యాదకి పెట్టింది పేరు. ప్రతి ప్రశ్నకీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తల వంచుతాడు.

"వాసన ఎలా వచ్చిందండీ మామ్మగారూ?"

"ఎండుచేప మాడినట్టు, నాయనా."

"చేప లేదండీ ఈ కాగితంలో. వేయించిన టీ ఆకు, టైరు, పొరుగింటి వంట... ఈ మూడే ఉన్నాయి."

"పొరుగింటి వంటని రాసుకో. ఆ పొరుగింటాయన ఇదిగో, పక్కనే ఉన్నాడు."

నిషివాకి నాకు కూడా తల వంచి రాసుకున్నాడు.

"ఒక్కసారి నా బండిలో కూర్చుని చూడు బాబూ. అర నిమిషం పని" అన్నారావిడ.

"అయ్యో, నాకు గేర్ల బండి లైసెన్సు లేదండీ. నిబంధనల ప్రకారం ఇక్కడే చూస్తాం."

ఒక దిండు తెచ్చి నేల మీద వేశాడు. అది క్లచ్ పెడల్ అన్నమాట. మిసావో గారు కుర్చీలో కూర్చుని దాన్ని ఎడమ కాలితో పదిసార్లు నొక్కాలి. కేంద్రం చెప్పులు ఆవిడకి రెండు సైజులు పెద్దవి. మూడోసారికి చెప్పు ఊడి మొరియ గారి బల్ల కిందకి పోయింది. మొరియ గారు దాన్ని రెండు చేతులా అందిస్తూనే, "పాదం" అని తీర్పు చెప్పారు.

"నా కాలు కాదయ్యా, మీ చెప్పు!" అన్నారు మిసావో గారు.

"చెప్పులకి వేరే విభాగం ఉందండీ" అన్నాడు నిషివాకి, నిజంగానే బాధపడుతూ.

అడ్డు చెబుదామని లేచాను. లేచి తల వంచి నమస్కరించాను. అలవాటు.

అంతలో ఒక చిక్కొచ్చి పడింది. కేంద్రం ఆవరణలో అప్పటికే పదకొండు ట్రక్కులు పడి ఉన్నాయి. వాటి యజమానులు కూడా దిండు పరీక్షలో తప్పి లైసెన్సులు ఇచ్చేసినవాళ్లే. ఆ బండ్ల క్లచ్‌ల పరిస్థితి నెలాఖరులోగా తెలపాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్లో గేర్ల బండి నడిపే లైసెన్సు మిగిలింది మిసావో గారికొక్కరికే. అందుచేత ఆవిడ పాదం లోపాన్ని పది రోజులు వాయిదా వేశారు.

ఆవిడ పదకొండు బండ్లనీ మర్నాడు పొద్దున్నే ఆరు నిమిషాల్లో చూసేశారు. తొమ్మిది బండ్లకి ప్లేట్లు అరిగిపోయాయి.

నిషివాకి మొహం పాలిపోయింది. "అంటే... ఆ తొమ్మిది మంది కాళ్లూ బాగానే ఉన్నట్టా అండీ?"

"భేషుగ్గా ఉన్నాయి నాయనా. ఇప్పుడు ఊరంతా నడిచే తిరుగుతున్నారుగా."

మిగతా రెండు బండ్ల విషయంలో మాత్రం ఆవిడకి ఎంతకీ నమ్మకం కుదరలేదు. క్లచ్ సంగతి బరువుతో ఎత్తు ఎక్కితేనే తెలుస్తుందని అధికారికంగా రాసిచ్చి, వాటిని తన తోటకే తీసుకెళ్లారు. పరీక్ష తొమ్మిది రోజులు సాగింది. ఒక్కో విడతకి ఇరవై పెట్టెలు. పదో రోజుకి బండ్లు బాగున్నాయని తేలింది, తోటలో కాయ మిగల్లేదు. నేను సంతోషం పట్టలేక ఆ సాయంత్రం ఆవిడకి ఎండుచేపలు కాల్చి పెట్టాను.

తర్వాతి వారం కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. పంట మొత్తం క్షేమంగా రోడ్డెక్కినందుకు మొరియ గారు అభినందించారు. ఇతరుల బండ్లతోనే పని జరిగిపోయింది కాబట్టి మిసావో గారికి సొంత బండి గానీ, లైసెన్సు గానీ అవసరం లేదని రుజువైందట. సోమవారం లైసెన్సు తెచ్చి అప్పగించాలట. అయితే వచ్చే ఏడు కూడా ఇదే నెలలో బండ్ల పరీక్ష ఉంటుంది కనుక, ఈలోగా ఆవిడే నిషివాకికి గేర్ల బండి నేర్పి పెట్టాలని, నేర్పేవాళ్లకి లైసెన్సు ఉండటం తప్పనిసరి అని కింద రాశారు.