లితియాకు పది నిమిషాల కోపం

"మంత్రిగారి పడవ మునిగితే నింద మనమీదికే వస్తుందేమోనయ్యా," అంది లితియా, సముద్రంకేసి చూస్తూ.

"ఆయనింకా ఎక్కనే లేదు కదే!" అన్నాడు మొగుడు అపెనిసా.

ఆమె భయాన్ని ఖాతరు చేయకుండా మంత్రిగారు క్షేమంగా దిగారు. ఫిజీ దీవులన్నింటా వైకల్యమున్న పిల్లల కుటుంబాలకు శుక్రవారంలోగా కౌన్సెలింగ్ ముగించి తీరతామని రేడియోలో ప్రకటించిన మహానుభావుడాయన. ఆవేళ శుక్రవారమే.

లితియా కూతురు ఉనైసికి ఆరేళ్లు. పుట్టు చెవుడు. సోమవారం బడి తెరుస్తారు. సైగలతో చదువు చెప్పే టీచరు రావాలంటే, కుటుంబానికి కౌన్సెలింగ్ పూర్తయినట్టు కాగితం కావాలట.

సభామందిరంలో చాపమీద, అతిథి మర్యాదకిచ్చే యంగోనా వేరు పానీయం గిన్నె పెట్టారు. మంత్రిగారు కొబ్బరిచిప్పతో ఒక్క గుక్కలో తాగారు. ఆచారం ప్రకారం అందరూ మూడు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు ఇనోకే ఫారం తీశాడు. అందులో, కుటుంబం బాధను దాటాల్సిన దశలకు ఐదు గడులు: నమ్మకపోవడం, కోపం, బేరం, దుఃఖం, ఒప్పుకోవడం.

"వరసగా రావాలమ్మా. బిడ్డకు చెవుడంటే మీరు నమ్మరు కదా?"

"ఎందుకు నమ్మనయ్యా? ఆరేళ్లుగా చూస్తున్నాగా."

"అలా దూకేస్తే ఎలా? పోనీ, కోపం?"

"ఎవరిమీద? బంగారంలాంటి పిల్ల. టీచరొస్తే చాలు."

"కోపం లేనిదే టీచరు లేదు."

లోకంలోని ఆపదలన్నీ ముందే ఊహించి పెట్టుకున్న లితియాకు ఈ ఒక్కటీ తట్టలేదు. పోనీ కోపం తెచ్చుకుందామన్నా, యంగోనా గిన్నె ముందు అతిథిమీద గొంతు లేపితే ఊరంతటికీ తలవంపులు.

పెద్దలు తలలు దగ్గరపెట్టి ఆలోచించారు.

"గిన్నెమీద గుడ్డ కప్పండి. పది నిమిషాల కోపం మంజూరు," అన్నాడు ఊరిపెద్ద. "ఊఁ, కానీయ్ అమ్మాయ్."

మొదటి నిమిషం ఆమెకు దగ్గొచ్చింది. రెండో నిమిషం మాటొచ్చింది.

"పోయినేడూ ఇలాగే వచ్చారు, తాగారు, వెళ్లారు! నా పిల్ల బడి కిటికీలోంచి పిల్లల నోళ్లు చూస్తూ కూచుంటోంది!"

"ఈ దీవిలో చెవిటి పిల్లలున్నట్టు మా రికార్డుల్లో లేదే," అన్నారు మంత్రిగారు.

ఇనోకే బుద్ధిమంతుడు. ఎవరన్నారో చూడకుండా మొదటి గడిలో టిక్కు పెట్టాడు.

"మూడు దరఖాస్తులు పెట్టాను! టీచరేదీ?"

"నన్నే నిలదీస్తావా?" కస్సుమన్నారు మంత్రిగారు. రెండో టిక్కు.

"టీచరేదీ?"

"మంచి రేడియో ఇప్పిస్తాను, సరిపెట్టుకోరాదూ?" మూడో టిక్కు.

"చెవిటిపిల్లకి రేడియోనా అయ్యా!"

మంత్రిగారు కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నారు. నాలుగు.

గడువు ముగిసింది. గుడ్డ తీసేశారు. లితియా మళ్లీ మోకాళ్లమీద కూచుని, మెల్లగా అడిగింది:

"సోమవారానికి వస్తుందా అయ్యా?"

ఇనోకే కలం ఐదో గడి, 'ఒప్పుకోవడం' మీద ఆగింది. బయట పడవ మోటారు రెండుసార్లు మోగి ఊరుకుంది.

"అలాంటి టీచరు మా దగ్గర ఎవరూ లేరమ్మా," అన్నారు మంత్రిగారు చివరికి.