ఓబుళమ్మను శుభ్రం చేసిన సంగతి

జాబితా కాగితం మడత దగ్గర అరిగిపోవడం వల్ల నేతగాడు బాలచెన్నయ్య భార్య ఓబుళమ్మ నడుము నుంచి మోకాళ్ల దాకా కనపడకుండా పోయింది. ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో ఎవరైనా, నలభై ఏళ్ల కిందట అచ్చేసిన ఊరి జాబితాలో తమ పేరు ఎంత కనపడితే అంతే కనపడతారు. ఒక వడ్రంగి పేరును చెదలు తిన్నాయి. అతని ఒంట్లో మూడు కన్నాలున్నాయి. గాలి వీస్తే ఈల వస్తుంది.

ఓబుళమ్మ పనులకు అడ్డమేమీ రాలేదు. పై సగం ముందు నడిచేది, కాళ్లు వెనకాలే వచ్చేవి. బిందె నడుమున పెట్టుకుంటే అది గాల్లో నిలబడేది. నోరు మాత్రం బాగానే ఉంది.

"యాడ సచ్చినావు? సంగటి సల్లారిపోతాంది!" అని అరిస్తే వీధి చివరి దాకా వినపడేది.

ఇంతలో ఆర్డరు వచ్చింది. నెలాఖరున తనిఖీకి అధికారులు వస్తారు. పేరు చదవడానికి వీలుకాని వాళ్లను జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేస్తే ఓబుళమ్మ మిగిలిన సగం కూడా ఉండదు.

బాలచెన్నయ్య పాత కాగితాలు బాగుచేసే ఆఫీసుకు పోయాడు. అక్కడ ఆ పని చేసే షమీమ్ పేజీని స్కాను తీసి, తెర మీద పెద్దది చేసి చూసింది.

"నీ భార్య పేరు మడతలో పడిండాది తాతా."

"బాగైతాదా అమ్మా?"

"ఎందుకు గాదు? పోయిన చోటికి పక్క వరుసలోంచి తెచ్చి అతికిస్తాం. అదే పేజీ, అదే అచ్చు. తేడా తెలీదు."

పక్క వరుసలో ఉన్నది పాలు పోసే సుబ్బరత్నమ్మ. సుబ్బరత్నమ్మ నడుము విషయంలో బాలచెన్నయ్యకు అభ్యంతరం లేదు. ఆ మాట పైకి అనలేదు.

పని పావుగంటలో అయింది. ముందు పేజీ వంకర తీశారు. ఓబుళమ్మ గూని పోయింది. పచ్చబడిన కాగితాన్ని తెల్లగా చేశారు. ముఖాన పసుపు పోయింది. అక్షరాల చుట్టూ ఉన్న సన్న మరకలను యంత్రం తనంతట తానే తీసేసింది. అవి రెండు వందల పదహారు.

ఇంటికి పోయేసరికి ఓబుళమ్మ నిండుగా, నిటారుగా గడపలో నిలబడి ఉంది.

"రండి. భోజనం చేయండి" అంది.

ఎవరైనా వచ్చారేమోనని బాలచెన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు.

రెండు రోజులు ఓపిక పట్టాడు. కావాలనే పొద్దుపోయి వచ్చాడు. బురదకాళ్లతో వంటింట్లోకి నడిచాడు. మజ్జిగ చెంబు తన్నేశాడు. "పరవాలేదండీ" అని ఆమె తుడిచింది. మూడో రోజు మళ్లీ ఆఫీసుకు పోయాడు.

"తిట్టడం లేదమ్మా."

"తిట్లు అచ్చులో ఉండవు తాతా. మరకల్లో ఉండింటాయి. తీసేసినాం."

"మళ్లా పెట్టు."

"యాడ నుంచి పెట్టేది? అసలు కాగితం ముక్కలు చేసి పంపించేసినాం. అదుంటే ఊళ్లో ఇద్దరు ఓబుళమ్మలైతారంట. ఆర్డరు."

బాలచెన్నయ్య లేచి పోలేదు. షమీమ్ ఆయన పేజీని తెర మీదకు తెచ్చింది.

"ఎట్లాగూ వచ్చినావు గదా, నీది కూడా చేసేస్తా. ఇదో, నీ పేరు పక్కన ఒక మరక ఉండాది. పెద్దదే. ఉంచాల్నా, తీయాల్నా? ఉంచితే తనిఖీలో అడుగుతారు."

బాలచెన్నయ్య తెర దగ్గరికి వంగి చూశాడు. నలభై ఏళ్లుగా ఓబుళమ్మ తిట్టిన తిట్లన్నీ అందులో ఉన్నాయి. పెళ్లయిన తొలివారం తిట్టు అడుగున ఉంది. మొన్నటి సంగటి తిట్టు ఇంకా తడి ఆరలేదు. ఆయన చాలాసేపు చదువుకున్నాడు. ఒకచోట నవ్వాడు కూడా.

"అదుంటే, ఆమె తిట్టడం లేదని తెలుస్తానే ఉంటాది. తీసేయమ్మా" అన్నాడు.

షమీమ్ తీసేసింది.

నెలాఖరున అధికారులు వచ్చారు. బాలచెన్నయ్య, ఓబుళమ్మ అరుగు మీద పక్కపక్కన కూర్చుని, "రండి, రండి" అన్నారు. అధికారులకు లోపలికి రావలసిన అవసరం కలగలేదు. ఇద్దరినీ వీధిలోంచే చదివేసి పక్కింటికి పోయారు.