అంతర్జాతీయ జలాలు, పన్నెండు బస్తాలు

పెగడపల్లి మండలంలోని మా ఊళ్లో అంతర్జాతీయ నదీజలాల పరిరక్షణ సమితి ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అధ్యక్షులు శ్రీ అర్జున్ రావు గారు. వారి తాతలు ఊరిని ఏలారు, వారు సమావేశాలను ఏలుతున్నారు. కార్యదర్శిని నేను. మంచుకొండల అవతల పై దేశం వాళ్లు పెద్ద ఆనకట్ట కడుతున్నారని టీవీలో చూసినప్పటి నుంచి మాకు అన్నం సహించడం లేదు. ఆ నదిని మాలో ఎవరూ చూడలేదు కనుక మా అభిప్రాయాల్లో పక్షపాతానికి తావు లేదు.

"పైనున్నోడు నీళ్లాపితే కిందున్నోడు ఎట్ల బతకాలె? గిది మానవత్వమేనా?" అని అధ్యక్షులు గర్జించారు. ఆ గర్జననే నేను తీర్మానంగా రాశాను. నకలును కొండగట్టు అంజన్న పాదాల దగ్గర పెట్టించి ఐక్యరాజ్య సమితికి పోస్టు చేశాం.

అంతలో రాజవ్వ వచ్చింది. ఈమె భర్త మొగిలి దుబాయిలో ఉంటాడు. ఈమె ఎకరం మా కాలువ చిట్టచివర ఉంటుంది.

"దొరా, మీ పొలం కాడ కాలువకు పన్నెండు ఇసుక బస్తాలు అడ్డమేసిన్రు. నా వరి పొట్ట మీదున్నది. గీ వారం ఒక్క తడి అందకుంటే తాలు పోతది."

"గది మన ఆంతరంగిక వ్యవహారం రాజవ్వా. అంతర్జాతీయ వేదిక మీదికి తేవద్దు" అన్నారు అధ్యక్షులు. అయినా పెద్ద మనసుతో ఒక ఒప్పందం ప్రతిపాదించారు. నీళ్లు ఏ రోజు రావో ఆమెకు ముందుగానే సమాచారం ఇస్తారు.

రాజవ్వ ఫోన్ తీసి మొగిలికి కలిపి, సంగతి చెప్పి, స్పీకర్ పెట్టింది.

"మా రూముల నాలుగు దేశాలోళ్లం ఉంటం సారూ, ఒక్కటే నల్లా. వంతులేసుకొని తానం చేస్తం. ఎన్నడు లొల్లి కాలె" అన్నాడు మొగిలి.

కూలీలకు దౌత్యనీతిలో శిక్షణ కొరవడిందని మినిట్సులో నమోదు చేశాను.

మరునాడు కోరుట్ల నుంచి విలేకరి వచ్చాడు. నీళ్లెలా పంచుకోవాలో ప్రపంచానికి చూపాలని అధ్యక్షులు స్వయంగా బస్తాలు తీయించి, పారే కాలువ పక్కన చేతులు జోడించి నిలబడ్డారు. ఫొటో అద్భుతంగా వచ్చింది. గంట తర్వాత బస్తాలు యథాస్థానానికి చేరాయి.

ఆ గంటలో వదిలిన నీళ్లు రాజవ్వ మడికి సరిపోయేవే. కానీ అక్కడిదాకా పోలేదు. మధ్యలో నా ఎకరం ఉంది. నావి మూడు బస్తాలే.

సాయంత్రం రాజవ్వ నా గట్టు మీద నిలబడింది. నా మడి నిండుగా మెరుస్తోంది.

"దొరంటే పెద్ద దేశం, సరే. నువ్వేం దేశం సారూ?" అంది.

ఆ ప్రశ్నను రెండు నెలల తర్వాతి సమావేశం అజెండాలో చేర్చాను. అప్పటికి ఊరంతా వరి కోసేస్తారు, ఆమె తప్ప.