మా ఆయనకి ఐర్లాండు పట్టింది

మా బ్లాకులో అందరి మొగుళ్లకీ డెంగీ వస్తోంది. మా ఆయనకి ఐర్లాండు వచ్చింది.

డెంగీ అయినా నయం. పది రోజులు మూలుగుతారు, గంజి తాగుతారు, లేస్తారు. దీనికి మందు లేదు. ఆర్నెల్లుగా మా డైనింగ్ టేబుల్ మీద సాంబారు చల్లారిపోతోంది గానీ ఎనిమిది వందల ఏళ్ల బానిసత్వం మాత్రం చల్లారడం లేదు. ఆ బానిసత్వమంతా తన వీపు మీదే జరిగినట్టు ముఖం పెడతారు మా రంగనాథ్ గారు. తిన్న కంచం సింకు దాకా మోసిన పాపాన పోలేదు ఈ మనిషి!

అంటించినవాడు కియరన్. సింగపూరు సైన్స్ పార్క్‌లో మా ఆయనకి మేనేజరు. ఉత్తర ఐర్లాండులో డెరీ అనే ఊరి దగ్గరివాడు, క్యాథలిక్కు, ఇంగ్లండు పేరెత్తితే చెవులు ఎర్రబడే రకం. శుక్రవారం లంచ్‌లో మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడట. తమ దీవిని చీల్చి ఆరు జిల్లాలు ఇంగ్లండు అట్టే పెట్టుకుందని, ఆ ఆరింటిలోనూ ప్రొటెస్టెంట్లదే పెత్తనమని, క్యాథలిక్కులకి ఇళ్లు దక్కేవి కావని, ఉద్యోగాలు దక్కేవి కావని. రెండేళ్ల కిందట సంధి కుదిరింది గానీ కాగితం మీద కుదిరినంత సుఖంగా మనసుల్లో కుదరలేదని.

అందరిదీ ఒకే రంగు, ఒకే భాష, ఒకే వాన. మరి ఎవరు ఎవరో ఎలా తెలిసేది? "ఏ స్కూల్లో చదివావు?" అని అడిగేవారట. స్కూలు పేరు చెబితే మతం చెప్పినట్టే. దరఖాస్తులో ఆ ఒక్క గడి చూసి కాగితం బుట్టలో పడేసేవారట.

ఇది చెబుతూ మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండు చుక్కలు రసంలో పడ్డాయి. ఉప్పు సరిపోయింది.

"ఒక్క గడి చూసి మనిషిని పక్కన పెట్టేస్తారా సుభద్రా?" అన్నారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

ఆ ఆదివారమే కియరన్ ఆయన్ని గేలిక్ ఫుట్‌బాల్‌కి తీసుకెళ్లాడు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కానీ నాలుగడుగులు మించి మోయకూడదు. తన కాలితో తన చేతుల్లోకే తన్నుకుంటూ పరిగెత్తాలి. గోలు అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి పోతే మూడు. ఎంత మొనగాడైనా జీతం లేదు, పుట్టిన ఊరి జట్టుకి ఉత్తినే ఆడాలి. విన్నకొద్దీ నాకు సంసారం గుర్తొచ్చింది.

ఇంగ్లీషువాళ్ల ఆటలు తమ పిల్లల్ని మింగేస్తున్నాయని, నూరేళ్ల కిందట పంతం పట్టి నిలబెట్టుకున్న ఆటలట అవి. పరాయి ఆట ఆడినా, చూసినా సంఘంనుంచి వెలివేసే నియమం కూడా ఉండేదట. దాన్ని ముప్ఫై ఏళ్ల కిందటే ఎత్తేశామని కియరన్ చెప్పాడు. అది మాత్రం మా ఆయన చెవిన పడలేదు. ఇంకో సంగతి కూడా ఆయన కంట పడలేదు. ఇక్కడి ఐరిష్ జట్టుకి గోలు కాసేవాడు ట్రెవర్ అనే ప్రొటెస్టెంటు. వాళ్ల ఊళ్లో అయితే ఈ ఇద్దరూ ఒక వీధిలో నడిచేవారు కారట. మరిక్కడ? "మనుషులు చాలక" అని కియరనే ఒప్పుకున్నాడు. ఇంకో పదిహేనుమంది దొరికితే రెండు జట్లయ్యేవారట!

ఈ ముక్క విన్నాక నాకు జ్ఞానోదయమైంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? నాదీ బి.ఏ. హిస్టరీయే. నాలుగు రోజులు వంటింట్లో ఆలోచించి ఒక సిద్ధాంతం తేల్చాను. చిత్తగించండి. మనుషులు ముక్కలు ముక్కలుగా చీలిపోవడమంత మహాభాగ్యం భూమ్మీద ఇంకోటి లేదు. ఐక్యత అనేది దరిద్రుల రోగం!

నవ్వకండి. మేము వచ్చిన కొత్తలో మా పేట చోవా చూ కాంగ్ మొత్తానికి తెలుగు ఇళ్లు ఆరు. ఏం చేస్తాం, ఖర్మ, కలిసి ఉండేవాళ్లం. ఒకే ఉగాది, ఒకే గిన్నెలో పచ్చడి. కర్నూలువాళ్లు వేసిన కారానికి కాకినాడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే తినేవారు. అలగడానికి కూడా మనుషులు చాలని రోజులు! ఒకరితో మాటలు మానేస్తే తెలుగుజాతిలో ఆరోవంతు పోయేది.

తరవాత కంప్యూటర్ల పుణ్యమా అని విమానానికి పదిమంది చొప్పున దిగారు. ఇప్పుడు చూడండి వైభవం! మూడు సంఘాలు, మూడు ఉగాదులు, ముగ్గురు అధ్యక్షులు. ఒకే సంఘం ఉంటే పాపం మిగతా ఇద్దరూ ఇళ్లలో కూర్చుని పెళ్లాలకి అధ్యక్షత వహించేవారు కారూ? సింగపూరు ఉక్కలో శాలువా కప్పించుకుని ఫోటోకి నవ్వడం మాటలా? అంతటి త్యాగధనులు ఒకరి బదులు ముగ్గురు దొరకడం జాతికి ఎంత లాభం!

పోనీ, కొత్తగా దిగినవాణ్ణి ఏ ముక్కలో వెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఇక్కడే ఐర్లాండువాళ్లు మన కాలిగోటికి చాలరు. వాళ్లకి స్కూలు పేరొక్కటే దిక్కు. మనం ట్రైన్ తలుపులు మూసుకునేలోగా "ఇంటిపేరు ఏవిటండీ?" అంటాం. "ఏ ఊరు? గుడివాడలో ఎవరి తాలూకు?" అంటాం. చోవా చూ కాంగ్‌లో ఎక్కినవాడు బుకిత్ గోంబాక్‌లో దిగేసరికి కులం, శాఖ, మేనత్త మెట్టినిల్లు సహా మన చేతిలో ఉంటాడు. ఒక్క స్టేషను! ఎనిమిది వందల ఏళ్లు కొట్టుకున్నా వాళ్లకి ఈ వేగం రాలేదు.

సిద్ధాంతం ఉంటే సరా, ప్రయోగం వద్దూ? ఆ ముచ్చటా మా ఆయనే తీర్చారు.

ఐరిష్‌వాళ్లకి వాళ్ల ఆట ఉంటే మనకి మన ఆట లేదా అని తోటి తెలుగువాళ్లు మధుసూదనరావు గారిని, సాంబమూర్తి గారిని కూడగట్టి కమిటీ వేశారు. ఆట పేరు చెడుగుడా, కబడ్డీయా అని తేల్చడానికి మూడు మీటింగులు పట్టాయి. కోస్తావాళ్లు లేచి వెళ్లిపోతారేమోనని కొందరు, తెలంగాణావాళ్లు లేచి వెళ్లిపోతారేమోనని కొందరు భయపడి, చివరికి బ్యానర్ మీద 'మన ఆట' అని రాయించారు. దాంతోపాటు మా ఇంట్లో క్రికెట్ నిషేధం. అది తెల్లవాడి ఆటట!

ఇండియా మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఏడో అంతస్తులో ముఖ్తార్ గారింట్లో ఫ్యాను పాడయ్యేది. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని దిగేవారు. యాభై ఓవర్లు పూర్తయినా ఆ ఫ్యాను బాగయ్యేది కాదు.

ముఖ్తార్ గారు జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. ఆయన భార్య హాజరాది నిజామాబాదు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉండగా జిల్లా జట్టుకి కబడ్డీ ఆడిన మనిషి. మా కమిటీ చుట్టూ ఉన్నవాళ్లలో ఆ ఆట నిజంగా ఆడింది ఆవిడొక్కర్తే. మిగతావాళ్లందరూ దాని గురించి గర్వపడినవాళ్లు.

కాబట్టి ఆడపిల్లలకి నేర్పే పని ఆవిడ మీద పడింది. బ్లాకు పక్క గడ్డిలో ప్రతి సాయంత్రం ఎనిమిదిమంది పిల్లలు. మా అమ్మాయి అక్షర, సాంబమూర్తి గారి గీతాంజలి, ఇంకో అయిదుగురు, హాజరా కూతురు జైనబ్. మన పిల్లలు కూతకి వెళ్లి మధ్యలో "ఆంటీ, కెనాట్ లా" అని ఇక్కడి యాసలో చేతులెత్తేసి ఊపిరి వదిలేసేవారు. గీతాంజలికి గడ్డిలో పురుగులుంటాయని భయం. జైనబ్ కూతకి వెళితే ముగ్గుర్ని తాకి, గీత దాటాక గానీ ఊపిరి పీల్చేది కాదు. పదమూడేళ్ల పిల్ల, నెల రోజులు ఆ ఆటే ధ్యాసగా బతికింది.

ఐరిష్ క్లబ్బు పిల్లలతో స్నేహపూర్వక పోటీ అన్నారు. జట్టుకి ఏడుగురు. మా ఆయన సెలక్షన్ ఫారం తయారు చేశారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, సొంత ఊరు, చదివే స్కూలు.

అవునండీ. గడులే!

జైనబ్ ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంటిపేరు గడి మీద వేలు పెట్టి, "ఆంటీ, దీంట్ల ఏం రాయాలె?" అంది. ఖాళీగా వదిలెయ్యమ్మా, ఎవరు చూస్తారు అని నవ్వాను.

చూశారు. మా హాల్లోనే కూర్చుని, నా పకోడీలు తింటూనే చూశారు. వాళ్లకి వేరే సంఘాలున్నాయి కదండీ అన్నారు మధుసూదనరావు గారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కదా, 'మన ఆట' అని బ్యానర్ కట్టి బాగోదేమో అన్నారు సాంబమూర్తి గారు. మా ఆయన చేతిలో పకోడీ పూర్తి చేశారు. తరవాత సంతకం పెట్టారు. గీతాంజలి జట్టులో, జైనబ్ ఎక్స్‌ట్రా. ఎక్స్‌ట్రా అంటే మంచినీళ్ల సీసాలు మోసే ఉద్యోగం. నేను ఇంకో వాయి పకోడీలు వేశాను.

సిద్ధాంతం ఎంత చక్కగా పని చేసిందో చూశారా? డెరీలో జరిగిన అన్యాయం ఏడువేల మైళ్ల అవతలనుంచి కనబడింది. మూడంతస్తుల కింద ఉన్న పిల్ల కనబడలేదు. దూరదృష్టి అంటే ఇదే!

ఆదివారం పొద్దున మైదానంలో కియరన్ ముఖ్య అతిథి. జైనబ్ జట్టు టీషర్టు వేసుకుని, షూ లేసులు బిగించుకుని, సీసాల బుట్ట పక్కన నించుంది. టీషర్టు ఎందుకు వేసుకుందని ఎవరూ అడగలేదు. వాళ్లమ్మ చెట్టు నీడలో నించుని ఎవరివంకా చూడలేదు.

నేను నా వంతు దేశసేవ చేశాను. ఆ ఎనిమిది ఫారాలూ ఫైల్లో పెట్టి, గడుల పేర్ల కింద ఇంగ్లీషు రాసి, జ్ఞాపికగా కియరన్ చేతికిచ్చాను. అతను తిరగేశాడు. ఆఖరి కాగితం దగ్గర ఆగాడు. ఖాళీగా ఉన్న ఇంటిపేరు గడి చూపించి, ఇది దేనికి అని మా ఆయన్ని అడిగాడు. ఎవరు ఎవరో తెలియాలి కదా అని మా ఆయన హుషారుగా చెప్పారు.

కియరన్ ఫైలు మూసేశాడు. "మా నాన్న ఇలాంటివి పదకొండు నింపాడు" అన్నాడు. వాళ్ల పిల్లలు ఆరుగురే వచ్చారు. అతను తిన్నగా సీసాల దగ్గరికి నడిచి జైనబ్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, పరిగెత్తగలవా అని.

"కెన్, అంకుల్" అంది జైనబ్.

ఆ తరవాత జరిగిన ఘోరం ఏమని చెప్పను! మన ఆటలో, మన బ్యానర్ కింద, ఆట పేరు కూడా నోరు తిరగని ఐరిష్ పిల్లల చేతిలో తెలుగుజాతి చిత్తుగా ఓడిపోయింది. జైనబ్ మొదటి కూతలోనే ముగ్గుర్ని పంపింది. గీతాంజలి తనని ఎవరూ తాకకముందే వెళ్లి గీత బయట కూర్చుంది. చివర్లో మా అక్షర కూతకి వెళితే కియరన్ కూతురు, ట్రెవర్ కూతురు, మధ్యలో జైనబ్, ముగ్గురూ చేతులు పట్టుకుని గొలుసు కట్టి దాన్ని చుట్టేశారు. మనుషులు చాలకపోతే జనం ఎంతకి దిగజారుతారో చూశారా?

ఉత్తమ క్రీడాకారిణి పేరు చదవాల్సింది మా ఆయన. మైకు పట్టుకుని, "జైనబ్... ఐర్లాండు" అన్నారు. సాంబమూర్తి గారు ఆకాశం వంక చూశారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. సెలక్షన్‌లో చిన్న ప్రాసెస్ ఇష్యూ వచ్చిందని, కమ్యూనికేషన్ గ్యాప్ వల్ల రిసోర్స్ సరిగ్గా వినియోగం కాలేదని ఆఫీసు భాషలో అందుకున్నారు.

హాజరా నీడలోంచి ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"ప్రాసెస్ అంటె ఎవరు రంగనాథన్నా? ఏ ఫ్లోర్ల ఉంటడు?"

మా ఆయన నాకేసి చూశారు. ఫారం టైపు చేసింది మా ఆవిడే అన్నారు మైకులో.

అప్పటికి నా సిద్ధాంతం, నా వ్యంగ్యం, నా బి.ఏ. హిస్టరీ అన్నీ అయిపోయాయి. ఆ పిల్ల గడి మీద పెట్టిన వేలొక్కటే కళ్లముందుంది.

"టైపు చేశాను. నోరు మూసుకుని పకోడీలు కూడా వేశాను. అంతవరకూ తప్పు నాది" అన్నాను. "మిగతాది చెప్పండి."

ఆయన మైకు పక్కన పెట్టేశారు. జైనబ్ దగ్గరికి నడిచారు. చేతిలో బహుమతి కప్పు ఉంది గానీ ఇవ్వడం మరిచిపోయారు.

"ఆ గడి పెట్టింది నేను. నిన్ను తీసేసింది నేను" అన్నారు. మైకు లేకపోయినా అందరికీ వినబడింది. "నాదే తప్పు తల్లీ."